ఇటలీలో వంటిల్లున్న బస

ఫ్లోరెన్సులో పొద్దున్నే అందరికీ ఉప్మా ఎవరు కలుపుతారు సరోజిని ఆంటీ? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి, వచ్చిన దారినే వెళ్ళిపోతాను.

లేదు, కూర్చోను. మంచినీళ్ళు కూడా వద్దు. ఇంటికొచ్చినవాళ్ళ నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా మీరు పంపరని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా.

అరవడం లేదు ఆంటీ. నా మామూలు గొంతే ఇంత. కాలేజీలో మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినపడేట్టు మాట్లాడ్డం నేర్పారు. తగ్గించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కావాలంటే తలుపు దగ్గరగా వేయండి. ఎదురు ఫ్లాటు శర్మాజీ వాళ్ళకి తెలుగు రాకపోవచ్చు, పోట్లాట మాత్రం ఏ భాషలో ఉన్నా అర్థమైపోతుంది.

మీరు గ్రూపులో పెట్టిన మెసేజి చూశాను. "మైథిలి చిన్నపిల్ల, ఆవేశపడింది, అందరం మర్చిపోదాం" అని రాసి, కింద దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ. సరే, మర్చిపోదాం. దేన్ని? నా ఆవేశాన్నా, నేనడిగినదాన్నా? ఆవేశం ఇవాళ కాకపోతే రేపు చల్లారుతుంది. అడిగింది చల్లారదు కదా.

ఇంకో మాట కూడా రాశారు. "రాజేశ్వరి రేపు వీసా ఆఫీసుకి మనతోపాటే వస్తుంది" అని. ఎవరు చెప్పారు మీకు? అమ్మ రానంటోంది. అందుకే దిగొచ్చాను. రేపు పొద్దున్న అందరూ వెళ్ళి వేలిముద్రలివ్వాలి, ఫొటో దిగాలి. ఆ వరసలో అమ్మ నిలబడకపోతే ఇక అమ్మకి ఇటలీ లేదు. ఈసారి లేదంటే, మా ఇంటి సంగతి మీకు తెలియనిది కాదు, ఇంకెప్పుడూ లేదు.

మొదట్నుంచీ చెప్తాను. మధ్యలో ఆపొద్దు. అచ్ఛా, ఆపండి, మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ చివరిదాకా వినండి.

ఈ ప్రయాణం ప్లానంతా నాతోనే వేయించారు కదా మీరు. మీ పెళ్ళయి ఇరవై అయిదేళ్ళు, ఆ సందడికని మీరూ శశిధర్ అంకులూ, ఉష ఆంటీ వాళ్ళూ, మా అమ్మా కలిసి ఇటలీ. "నువ్వు హిస్టరీ చదువుతున్నావు, కల్చరూ ఫుడ్డూ సీనరీ మూడూ ఉండేట్టు నువ్వే చూడు మైథిలీ" అన్నారు. ఎంత పొంగిపోయానో! ఎమ్మే హిస్టరీ చదువుతున్నానంటే ఈ సొసైటీలో ఇన్నాళ్ళకి ఒకళ్ళు "తర్వాతేం చేస్తావు" అనకుండా పని చెప్పారు.

అమ్మ టికెట్టు మీరే తీస్తున్నారని అమ్మ అంటే, "ఎందుకమ్మా?" అన్నాను. "సరోజినికి నేనంటే ప్రాణమే" అంది. అంతే. రెండో సగం చెప్పలేదు, నేనూ అడగలేదు. డిబేట్లో స్టేజీ మీద అవతలివాడు ఒక్క వాక్యం అంటే పది ప్రశ్నలేస్తాను. ఇంట్లో అమ్మ అంటే నమ్మేశాను.

వైశాలి స్టేషన్లో మెట్రో ఎక్కి క్యాంపస్ చేరేదాకా ఫోనులో అదే పని నాకు. రోమ్‌లో పాత రాళ్ళు పొద్దున్నే, ఎండ ముదరకముందే. ఫ్లోరెన్సులో మ్యూజియం, శశిధర్ అంకుల్ మోకాళ్ళు గుర్తుపెట్టుకుని లిఫ్టున్న వైపు నుంచి. వెనిస్‌లో షోకు పడవ కాదు, ఆ ఊరివాళ్ళు ఆఫీసులకెళ్ళే మామూలు పడవ, సాయంత్రం నీళ్ళకి రంగొచ్చే వేళకి. కొండకి అతికించినట్టుండే ఊళ్ళు, వాటి పక్కన నిమ్మతోటలు. ఎక్కడ నిలబడితే వెనక సముద్రం పడుతుందో ఉష ఆంటీ కోసం అది కూడా రాశాను. రాశానా లేదా?

మీరు పెట్టింది ఒక్కటే షరతు. "హోటళ్ళు వద్దమ్మా. వంటిల్లున్న బసే చూడు."

దానికీ మురిసిపోయాను ఆంటీ! ఆహా, ఎంత తెలివైనవాళ్ళు, టూరిస్టుల్లా కాదు, అక్కడివాళ్ళలా ఉండాలనుకుంటున్నారు, సంతకెళ్ళి టమాటాలు కొనుక్కుంటారు, వాసన చూసి జున్ను కొంటారు అనుకున్నాను. పొయ్యి మీద ఎన్ని గిన్నెలు పడతాయో ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. కుక్కరు పడుతుందా, గిన్నెలు కడగడానికి తొట్టి లోతుగా ఉందా అని చూశాను. ఎవరి చేతులు ఆ తొట్టిలో ఉంటాయన్నది మాత్రం చూడలేదు.

ఫ్లోరెన్సులో దొరికిన ఇల్లు గుర్తుందా? మీకు అన్నిటికన్నా నచ్చింది అదే. హాల్లో కిటికీ తెరిస్తే ఆ పెద్ద ఎర్ర గుమ్మటం ఎదురుగా ఉంటుంది. "వంటింటి కిటికీకి మాత్రం గోడ అడ్డం" అని అంతకుముందు అక్కడ దిగినవాళ్ళెవరో రాశారు. చదివాను. వంటింట్లో ఎవరుంటార్లే అనుకున్నాను. నేను, నా నోటితో నేనే, వంటింట్లో ఎవరుంటార్లే అనుకున్నాను!

ఇంక అమ్మ కోసమని నా అంతట నేను కలిపింది ఒకే ఒక్క ఊరు, బారి. దక్షిణాన సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ పాత ఊళ్ళో ఒక సందుంది. ఆడవాళ్ళు వాకిట్లో బల్లలేసుకుని పిండి కలిపి, బొటనవేలితో నొక్కి నొక్కి చిన్న చెవుల్లాంటి పాస్తా చేసి జల్లెళ్ళ మీద ఆరబెడతారు. అమ్మ బఠాణీలు ఒలుచుకుంటూ ఫోనులో ఆ వీడియోలే చూస్తుంది. భాష ఒక్క ముక్క రాదు. అందులో ఒక ముసలావిడ ఏదో అంటుంది, అమ్మ పకపకా నవ్వుతుంది. ఏమందమ్మా అంటే, "పిండి గట్టిగా కలిపావే మొద్దూ అని కోడల్ని తిడుతోంది" అంటుంది. నీకెలా తెలుసంటే, "అత్తగారి మొహానికి భాష ఎందుకే!" అంటుంది.

బారి పేరు చూడగానే శశిధర్ అంకుల్ ఏమన్నారు? "ఇంత ఖర్చుపెట్టి అంత దూరం పోయి, పిండి పిసికే ఆడవాళ్ళని చూడ్డమేంటమ్మా! అది మనింట్లోనే ఉందిగా!" అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అమ్మ నవ్వింది కదా అని నేనూ నవ్వి, బారిని తీసేశాను. మీరు తీసేయమనలేదు, ఒప్పుకుంటాను. నా చేత్తో నేనే కొట్టేశాను.

సరే, ఇక ఆదివారం. మీ టీవీ మీద ప్లాను పెట్టి చూపిస్తున్నాను. సోఫాలో అంకుల్, పక్కన ఉష ఆంటీ, కింద పడుకుని మీవాడు ఉదయ్‌కిరణ్. మా అమ్మ ఎక్కడుంది ఆంటీ? మీ వంటింట్లో. మిరపకాయ బజ్జీలు వేస్తోంది. మీటింగు మీ ఇంట్లో, పొయ్యి మీది, మూకుడు మీది, దాని ముందు చెమట మాత్రం మా అమ్మది. అది కూడా నాకు అప్పుడు వింతగా అనిపించలేదు చూడండి! ఏళ్ళ తరబడి చూసిందే కదా. వినాయక చవితికి మన తెలుగువాళ్ళ పందిట్లో పులిహోర దగ్గర ఎవరు? అమ్మ. మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ప్రసాదం దగ్గర? అమ్మ. ఫొటోల్లో ఎక్కడుంటుంది? ఎక్కడా ఉండదు. గరిటె పట్టుకున్న చెయ్యి ఒకటి అంచున పడుతుంది.

అప్పుడు ఉష ఆంటీ అన్నారు. "ఎనిమిదికల్లా బయల్దేరొచ్చులే, ఏడింటికి రాజేశ్వరి డబ్బాలు కట్టేస్తుందిగా."

అంకుల్ అందుకున్నారు. "రాత్రికి మాత్రం పప్పుచారు ఉండాలి. ఆ చీజులూ అవీ నా కడుపుకి పడవు."

ఉదయ్‌కిరణ్ కింద నుంచి, "మమ్మీ, రోమ్ మే భీ దాల్-చావల్?" మీరేమో, "నోర్మూయరా, నువ్వు పిజ్జా తిను, ఎవరొద్దన్నారు?"

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ప్లాను తెరిచే ఉంది కదా, చదువుతున్నాను. ప్రతి రోజుకీ ఆఖరి లైను నేను రాసిందే. "తిరిగి బసకి. భోజనం." తిరిగొచ్చేసరికి భోజనం ఉండాలంటే అంతకుముందే ఒకళ్ళు వచ్చి కుక్కరు పెట్టాలి. మ్యూజియం మధ్యలోంచి లేచి రావాలి. పడవ ఎక్కకుండా రావాలి. నీళ్ళకి రంగొచ్చే వేళ అని నేను ముచ్చటపడి రాసుకున్నానే, ఆ వేళకి చింతపండు నానబెట్టుకుంటూ ఉండాలి.

లేచి నిలబడ్డాను. మాకు డిబేట్లో నేర్పే మొదటి పాఠం ఏంటో తెలుసా? అవతలివాళ్ళు పేరు పెట్టకుండా దేన్ని దాస్తున్నారో, దానికి నువ్వు పేరు పెట్టు. పేరు పెట్టావంటే సగం గెలిచావు.

పెట్టాను. "మా అమ్మని ఇటలీ తీసుకెళ్తున్నారా, జీతం లేని వంటమనిషిని తీసుకెళ్తున్నారా?"

అందులో తప్పేముంది చెప్పండి? ఒక్క అక్షరం తప్పుందా?

ఏంటి? అందరూ తలో చెయ్యి వేసేవారా? ఎప్పుడు వేశారు ఆంటీ? ఆదివారం బజ్జీల దగ్గర ఎన్ని చేతులున్నాయి? శనగపిండి కలిపిందెవరు, ఉల్లిపాయలు తరిగిందెవరు? ఇక్కడ ఇందిరాపురంలో లేవని చేతులు ఇటలీలో లేస్తాయా, అక్కడి గాలికి?

అమ్మకి వంటంటే ఇష్టమా! కాదన్నానా? ఇష్టమే. మీకు లెక్కలు చెప్పడం ఇష్టం కదా, స్కూల్లో మీ క్లాసంటే పిల్లలు పడిచస్తారు. వెనిస్‌లో పడవ మీద ఉష ఆంటీ కూతురికి భిన్నాలు చెప్తారా? చెప్పరు. "సెలవులొచ్చాయి, ఊపిరి పీల్చుకోనీ" అంటారు. మీ ఇష్టానికి సెలవులుంటాయి, అమ్మ ఇష్టానికి ఉండవు. ఎందుకు ఉండవు?

ఉష ఆంటీ అత్తగారు బయట తినరు, ఆవిడకి మడీ ఆచారం. తెలుసు. అంకుల్ కడుపు సంగతీ తెలుసు. అవి అబద్ధాలనడం లేదు. వంట చేసేవాళ్ళని వెంటబెట్టుకెళ్ళే టూర్లు బోలెడున్నాయి, గుజరాతీవాళ్ళు హాయిగా వెళ్ళొస్తున్నారు. ఆ టూరు తీసుకోండి, నేనే వెతికిపెడతాను. అక్కడ వంటాయనకి ఒక ఉద్యోగం ఉంటుంది, ఒక పేరుంటుంది, పని అయ్యాక "నా పని అయింది" అనే హక్కు ఉంటుంది. స్నేహితురాలికి ఆ హక్కు కూడా ఉండదు కదా. స్నేహితురాలు "అలసిపోయాను సరోజినీ" అంటే మీరు నొచ్చుకుంటారు. మీరు నొచ్చుకుంటారని తను అనదు.

చూశారా, మళ్ళీ మొదలుపెట్టాను. గెలుస్తున్నాను కదూ? మీ మొహం చూస్తే తెలుస్తోంది గెలుస్తున్నానని. ఆదివారం కూడా ఇలాగే గెలిచాను.

నేను ఆ మాట అన్నాక మీ వంటింట్లో పొయ్యి ఆపిన చప్పుడు వినిపించింది. మీరు విన్నారో లేదో, నేను విన్నాను. నూనె చిటపట ఆగిపోయింది. అమ్మ పళ్ళెం తెచ్చింది. ముందు అంకుల్‌కి పెట్టింది, తర్వాత ఉష ఆంటీకి, మీకు, కిందకి వంగి ఉదయ్‌కిరణ్‌కి. నాకూ పెట్టింది. "వేడిగా ఉన్నాయి, తినండి" అంది. పమిట కొంగుతో చేతులు తుడుచుకుని, "కాస్త తలనొప్పిగా ఉంది సరోజినీ, వెళ్ళొస్తాను" అంది. నా వైపు చూడలేదు.

మీరు ఆ బజ్జీలు తిన్నారా ఆంటీ? నేనొకటి తిన్నాను. ఏం చెయ్యాలో తోచక తిన్నాను. కారం తెలియలేదు.

ఇంటికెళ్తే అమ్మ కందిపప్పు ఏరుతోంది. ప్యాకెట్టు పప్పులో రాళ్ళెక్కడుంటాయి? అయినా ఏరుతోంది. నేను పక్కన కూర్చుని అంతా విడమర్చి చెప్పాను. ఇది దోపిడీ, దీనికి స్నేహమని రంగేస్తారు, ఆడవాళ్ళ పనికి విలువ కట్టకపోవడం ఎక్కడ మొదలవుతుందంటే... అలా ఏదేదో. ఫైనల్ రౌండులో మాట్లాడినట్టే మాట్లాడాను. నాన్న టీవీ సౌండు తగ్గించి విన్నారు, మళ్ళీ పెంచుకున్నారు.

అమ్మ అంతా విని ఏమందో తెలుసా? "వాళ్ళంతా నన్ను రాజేశ్వరి అన్నారే. ఆ ఇంట్లో నన్ను వంటమనిషి అన్నది నువ్వొక్కదానివే."

 

తర్వాత నిదానంగా చెప్పింది, పప్పు ఏరుతూనే. "నాకు తెలియక ఒప్పుకున్నాననుకున్నావా? సరోజిని నాతో చెప్పే అడిగింది. టికెట్టు నాది, వంట నీది అంది. నేనే సరేనన్నాను. పొద్దున్నే లేచి ఓ పూట వండి పడేస్తే పగలంతా నాదే అనుకున్నాను. చీకటితో లేవడం నాకు కొత్తా? ఇక్కడ లేచి మీ ఇద్దరికీ డబ్బాలు కట్టి పగలంతా ఏం చూస్తున్నాను? ఎదురు టవరు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. అక్కడైతే అదే వండి, తలుపు తీస్తే వెనిస్ ఉండేది కదే."

తలుపు తీస్తే వెనిస్ ఉండేది! అర్థమైందా మీకు? అమ్మ బేరం కుదుర్చుకుంది. చెడ్డ బేరమే, నేనైతే ఒప్పుకోను. కానీ పెళ్ళయ్యాక మొదటిసారి తన కోసమని తనే కుదుర్చుకున్న బేరం. సాయంత్రాల సంగతి అమ్మకి తెలీదు, అది మీరు చెప్పలేదు. చెప్పలేదు కదూ? పొద్దున్న ఒక్క పూటే అన్నారు, పప్పుచారు సంగతి తర్వాత మెల్లగా వచ్చి చేరింది. అలాగే చేరుతుంది. మీరు కావాలని చేశారని కూడా అనను. అడిగితే కాదనదని తెలిసినవాళ్ళని అందరం ఇంకొంచెం ఎక్కువ అడుగుతాం. నేను అడగనా? పరీక్షలప్పుడు అమ్మ కంచం నా టేబుల్ దగ్గరికి తెచ్చి పెడుతుంది, నేను పుస్తకంలోంచి తలెత్తను.

అమ్మ ఎలా తయారయిందో మీరు చూడలేదు. స్పోర్ట్స్ షూ కొనుక్కుంది! పుట్టి బుద్ధెరిగాక మొదటి జత. అక్కడ రాళ్ళ వీధులని, కాళ్ళు అలవాటు పడాలని, చీర మీద ఆ షూ వేసుకుని పార్కు చుట్టూ తిరిగేది. గార్డు భయ్యా, "ఆంటీజీ, మారథాన్?" అంటే సిగ్గుపడి చెట్టు వెనక్కి పోయింది. శనివారం సంతలో కొత్తిమీర తీసుకుని కూరగాయలబ్బాయితో "గ్రాత్సియే" అంది. "క్యా ఆంటీజీ?" అన్నాడు వాడు. "కుఛ్ నహీ బేటా, థాంక్యూ బోలా" అని నా చెయ్యి పట్టుకుని గబగబా లాక్కొచ్చేసింది, నవ్వాపుకోలేక. అమ్మ అలా నవ్వడం నేను ఎప్పుడు చూశానో గుర్తుచేసుకుందామంటే గుర్తురాలేదు.

ఇప్పుడా షూ డబ్బాలో పెట్టేసి అటక మీద పడేసింది. నాన్న కూడా పాపం బ్రెడ్డు కాల్చుకోవడం, టీ పెట్టుకోవడం నేర్చుకున్నారు, అమ్మ లేనన్నాళ్ళూ గడవాలని. "నేర్చుకున్నది వృథా పోతుందే రాజీ" అన్నారు నిన్న. 

అమ్మకి మీరంటే కోపం లేదు. అదే నాకు మింగుడుపడదు. "ఆ కరోనా రెండో వేవులో మీ నాన్న ఊపిరాడక కొట్టుకుంటుంటే, లిఫ్టు పనిచెయ్యకపోతే, శశిధర్ గారు ఆక్సిజన్ సిలిండరు భుజాన మోసుకుని మెట్లెక్కారే" అంటుంది. నేను మర్చిపోలేదు ఆంటీ. నేనే టార్చి పట్టుకున్నాను. అంకుల్ మోకాళ్ళు అప్పుడే పోయాయని కూడా తెలుసు. ఆ మోకాళ్ళ కోసమే కదా లిఫ్టున్న దారి వెతికాను. కానీ ఒక మనిషి ప్రాణం పప్పుచారుతో తీరే బాకీ అయితే ఎప్పటికి తీరుతుంది? ఎన్ని ఊళ్ళల్లో వండితే తీరుతుంది? ఆ మాటే అమ్మతో అన్నాను. "బాకీ ఏంటే, నీకన్నీ కోర్టు మాటలే. మనసుకి తోచి చేస్తారు, అంతే" అంది. ఆ వెంటనే, "తీరదులే" అంది. చూశారా, తనే!

ఇప్పుడు నా ఇబ్బంది వినండి. రెండు వైపులా వాదించడం నా చదువు. ఏ వైపిచ్చినా నిలబడతాను.

మీరు వెళ్ళి "వంట వద్దు రాజేశ్వరీ, ఊరికే రా" అన్నారనుకోండి. అమ్మ రాదు. ఊరికే ఎందుకొస్తుంది? తన చేతి పని లేకుండా మీ టికెట్టు మీద ఎక్కితే అది దానమవుతుంది. అమ్మ దానం పుచ్చుకోదు. పోనీ "అన్నట్టే వంట చేద్దువుగానీ రా" అన్నారనుకోండి. అప్పుడూ రాదు. ఆ పనికి నేను పేరు పెట్టేశాను కదా, అందరి ముందూ. మొన్నటిదాకా గరిటె గరిటే. ఇప్పుడు ఆ గరిటె పట్టుకున్న ప్రతిసారీ మీ అందరి చెవుల్లో నా మాట మోగుతుందని అమ్మకి తెలుసు. రెండు వైపులా గెలిచే వాదన నాకొచ్చు ఆంటీ. మధ్యలో అమ్మ నిలబడ్డానికి చోటు మాత్రం కనపడ్డం లేదు.

నేను అడిగింది తప్పని మాత్రం అనను. మీరు ఆ ఆశ పెట్టుకోకండి. ఇంకో ఇంట్లో, ఇంకో ఆడమనిషిని చూసినా అదే అడుగుతాను, ఇదే గొంతుతో.

కానీ ఒకటుంది. చెప్పేదా వద్దా అని మెట్ల దగ్గర నిలబడి ఆలోచించాను. మా క్యాంపస్‌లో అందరికీ చెప్పుకున్నాను, మా అమ్మ ఇటలీ వెళ్తోందని. అందరి అమ్మలూ తీర్థయాత్రలకెళ్తారు, మా అమ్మ మైకెలాంజిలో చెక్కిన బొమ్మ చూస్తుందని. మా టీములో ఒకమ్మాయి వాళ్ళమ్మ ప్రొఫెసరు, ఇంకో అబ్బాయి వాళ్ళమ్మ లాయరు. వాళ్ళు నా వైపు చూసిన చూపు నాకు బాగా నచ్చింది. అందుకే ఆదివారం ఉష ఆంటీ "డబ్బాలు" అనగానే నాకు ముందు గుర్తొచ్చింది అమ్మ కాదు. ఆ అమ్మాయి మొహం. "ఓ, మీ అమ్మ వంటకి వెళ్తున్నారా" అంటుందేమోనని. ఆ సిగ్గు అమ్మది కాదు ఆంటీ, నాది. అమ్మ పేరు మీద బయటపెట్టాను. అమ్మకి అది తెలిసిపోయిందనుకుంటాను. అందుకే నా మొహం చూడ్డం లేదు.

ఏడవడం లేదు. మీ ఇంట్లో ఇంగువ వాసన ఎక్కువ.

చెయ్యి వదలండి, ఓదార్చడానికి కాదు నేనొచ్చింది. మీతో పనుంది. నెల రోజులు అమ్మ ఇటలీని నేను గీశాను, మీరు దిద్దారు, అంకుల్ కత్తిరించారు. మనలో ఒక్కరం, ఒక్కసారి, నీకేం చూడాలనుందని అడిగామా? బారి కూడా నేను ఊహించి కలిపిందే. అక్కడికి పోవాలనుందో, ఊరికే వీడియో చూడ్డమే ఇష్టమో నాకు తెలీదు! నిజంగా తెలీదు.

పైకి వెళ్ళండి ఆంటీ. ఇప్పుడే. ఫోను చెయ్యకండి, ఫోనులో అయితే "అబ్బే, ఏం లేదు సరోజినీ" అని పెట్టేస్తుంది. వెళ్ళి పక్కన కూర్చోండి. "మైథిలి మాటలు పట్టించుకోకు" అనకండి. "వంట మేం చూసుకుంటాం" అని కూడా మొదలుపెట్టకండి. "ఇటలీలో నీకేం చూడాలనుంది రాజేశ్వరీ?" అని అడగండి. అడిగి ఊరుకోండి. మీరు టీచరు, పిల్లాడు జవాబు చెప్పేదాకా ఆగడం మీకొచ్చు. మొదట "నాదేముంది, మీ ఇష్టమే" అంటుంది. అది జవాబు కాదు, లేవకండి. మళ్ళీ అడగండి. వండుతానంటే ఏ పూట వండుతుందో, ఏ పూట వండదో తననే చెప్పనివ్వండి. చెప్పింది చెప్పినట్టు ప్లాను నేను మారుస్తాను, అంకుల్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. రానే రానంటే, సరే, అది కూడా తన నోటితో మీకే చెప్పనివ్వండి.

నేను రాను. నేనెదురుగా ఉంటే అమ్మ నా మొహం చూసి జవాబు చెప్తుంది. కింద పార్కులో ఉంటాను. నాన్న తలుపు తీస్తారు.

చీర బాగానే ఉంది, మార్చుకోనక్కర్లేదు. ఇవిగో మీ చెప్పులు. లిఫ్టు వచ్చింది, ఎక్కండి ఆంటీ.